పది అడుగుల వెనక

ఎలిశబెతుకు నడక చేతకాదు. ఇది క్రీస్తుదాసు ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి తేల్చిన విషయం. దీనిమీద వాదన లేదు. బజారుకు పోయినా, పెళ్ళికి పోయినా, ఆసుపత్రికి పోయినా ఆయన ముందు నడిచేవాడు, భార్య వెనక వచ్చేది. ఎప్పుడు తిరిగి చూసినా పది అడుగుల వెనకే ఉండేది. బైబిలు బోధకు ఊళ్ళు తిరగడానికి పొద్దున పోతే దీపాల వేళకు గాని ఇల్లు చేరేది కాదు. ఆమె కోసం ఆగి ఆగి తన ఆయుష్షులో సగం దారిలోనే అయిపోయిందని ఆయన చెప్పేవాడు. ఒక్క చావులో మాత్రం ఆమె ముందు నడిచింది. అదీ చెప్పకుండా.

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు చిన్నకండ్రిగ చర్చి సంఘమంతా ఈతమట్టలు పట్టుకొని, పాడుకుంటూ, సముద్రం ఒడ్డునున్న ఉప్పుపాళెం చర్చికి నడిచిపోవడం ఆనవాయితీ. ఎలిశబెతు ఉన్నన్నాళ్ళూ బయలుదేరే వేళ ఆమే పెట్టేది. ఇంకా చీకటుండగానే ఇంటింటి తలుపూ తట్టేది. ఆడవాళ్ళ నడకకు అంత ముందుగా లేవక తప్పదని క్రీస్తుదాసు ఆవలిస్తూ వచ్చి, సంఘ పెద్ద గనుక అందరికన్నా ముందు నడిచేవాడు. ఈ ఏడు ఆమె లేదు. వేళ ఆయనే పెట్టాడు.

"రేపు ఎనిమిదికి బయల్దేరి తొమ్మిదికి ఉప్పుపాళెంలో ఉంటాం," అన్నాడు శనివారం ఉదయం, చర్చి ఊడుస్తున్నవాళ్ళతో.

ఎలిశబెతు చెల్లెలు క్యాథరిన్ చీపురు ఆపింది. "ఎనిమిదికా బావా? అక్క ఉన్నప్పుడు చీకట్లోనే కదా కదిలేది."

"మీ అక్కకు నడక రాదు. అందుకని ఊరినంతా కోడికంటే ముందు లేపింది. దూరం అయిదు కిలోమీటర్లు, బండి మీటర్లో చూసినా. మనిషి గంటకు అయిదు కిలోమీటర్లు నడుస్తాడు. నాలుగో తరగతి లెక్క."

కృష్ణపట్నం పోర్టులో పనిచేసే జయకుమార్ జేబులోంచి ఫోను తీశాడు. "ఫోనే గంటకు పైన చూపిస్తా ఉందన్నా. అదీ యాడా ఆగకుండా పోతే. మనలో పిలకాయలుండారు, ముసిలోళ్ళుండారు, ఎండ..."

"ఫోనుకు కాళ్ళుండాయా?"

"లేవు."

"మరి దాన్ని అడగతావెందుకు?"

క్యాథరిన్ ఇంకేదో అనబోయింది. జయకుమార్ ఆమెకేసి చూశాడు. ఆమె మళ్ళీ ఊడవసాగింది.

వేళ తప్పితే కుదరని పని ఒకటుంది. ఎలిశబెతు పోయి ఆ ఆదివారానికి సరిగ్గా ఏడాది. ఆమె పేరు రాయించిన గోడగడియారం ఒకటి ఉప్పుపాళెం చర్చికి ఇస్తానని క్రీస్తుదాసు మాట ఇచ్చాడు. పాస్టరు సుశీల్ కుమార్ అయ్యగారు ప్రార్థన చేసి తన చేత్తో దాన్ని గోడకు తగిలించాలి. అయ్యగారికి నాలుగు ఊళ్ళ సంఘాలు. తొమ్మిదిన్నరకల్లా ఇంకో ఊరికి పోవాలి. భార్య కోసం క్రీస్తుదాసు చెయ్యగలిగింది ఇంక ఇదొక్కటే మిగిలింది. గడియారమే ఎందుకని నెల్లూరులో కొట్టువాడు అడిగితే, "ఆమె దగ్గర లేనిది అదే," అన్నాడు.

ఆదివారం అందరూ మట్టలు సర్దుకొని కదిలేసరికే ఎనిమిది దాటింది. గడియారాన్ని తువ్వాలులో చుట్టి, గుండెకు ఆనించుకొని, క్రీస్తుదాసు ముందు నడిచాడు. మామూలుగా ఆయన చేతులు విసిరి విసిరి నడుస్తాడు. చూసేవాళ్ళకు మనిషి దూసుకుపోతున్నట్టే ఉంటుంది. ఆ రోజు చేతుల్లో గడియారం ఉంది గనుక ఆ ఊపు కూడా లేదు.

లెక్కల పుస్తకంలో నడిచే మనిషికి చెప్పు తెగదు, దాహం వెయ్యదు, దారిలో మేనత్త కనపడదు. చిన్నకండ్రిగ వాళ్ళకు ఊరు దాటకముందే ఇవన్నీ జరిగాయి. ఒకరు చెప్పుకు పిన్నీసు పెట్టుకోవడానికి ఆగారు. ఒకరు బోరింగు దగ్గర నీళ్ళు తాగారు. చిత్రంగా, ఆగినవాళ్ళంతా కాసేపటికే మళ్ళీ ఆయన వెనక చేరారు.

"ఏంది ఆ నడక? పెళ్ళికూతురు నడిచినట్టు!" అని క్రీస్తుదాసు వెనక్కి తిరక్కుండానే కసిరాడు.

"నడస్తానే ఉండాం బావా," అంది క్యాథరిన్, ఆయన మడమల దగ్గరనుంచి.

ఫోను మోగింది. ఉప్పుపాళెం సంఘ పెద్ద టైటస్. "దాసన్నా, యాడుండారు? అయ్యగారు వచ్చి కూర్చోనుండారు."

"వచ్చేసినాం. పది నిమిషాలు."

అప్పటికి వాళ్ళింకా సగం దారికి కూడా రాలేదు. అన్న మాట నిలబెట్టుకోవాలి గనుక క్రీస్తుదాసు రోడ్డు వదిలి రొయ్యల గుంటల కట్ట ఎక్కాడు. అది మళ్ళీ రోడ్డుకు కలవకుండా నేరుగా చర్చి దగ్గర తేలే అడ్డదారి.

"ఆదెయ్య గుంటలో రొయ్యల పట్టుబడి జరగతా ఉందన్నా," అన్నాడు జయకుమార్. "నీళ్ళు వదిలుంటారు, కట్టంతా బురద."

"బురదకు భయపడేవాడు గుంటల ఊళ్ళో పుట్టకూడదు."

కట్టమీద ఒకరి వెనక ఒకరు తప్ప నడవలేరు. దాటిపోదామన్నా చోటు లేదు. పాట పాడుకుంటూ, మట్టలు ఊపుకుంటూ బారుగా వస్తున్న జనాన్ని కాపలా ఉన్న పోలేరయ్య దూరం నుంచే చూశాడు. గుంటల ఉప్పునీళ్ళతో మళ్ళు పాడవుతున్నాయని వరి రైతులు పోయిన నెలలో ఇలాగే బారుగా వచ్చి గొడవ చేశారు. పోలేరయ్య యజమానికి ఫోను చేశాడు. ఆదెయ్య బులెట్టు మీద అవతలి చివర కట్ట ఎక్కి, క్రీస్తుదాసుకు ఎదురుగా వచ్చి ఆపాడు. పోలేరయ్య కూడా వచ్చి కట్ట అంచున నిలబడ్డాడు.

"మళ్ళా వచ్చినారా? పట్టుబడి రోజే దొరికిందా మీకు?"

"గొడవకు కాదయ్యా. దేవుని పనిమీద పోతుండాం."

"దేవుని పనికి కర్రలెందుకు?"

"కర్రలు కాదు, మట్టలు!"

"కొడితే తగల్తాయా లేదా?"

అంతలో తువ్వాలు మూటలోంచి సంగీతం వినిపించింది. తర్వాత టంగు టంగుమని తొమ్మిది గంటలు మొదలయ్యాయి. మూట పాడేసరికి పోలేరయ్య అదిరిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక కట్ట లేదు.

గుంట అడుగున నీళ్ళు తక్కువ, బురద ఎక్కువ. నలుగురు మట్టలు అందించి పోలేరయ్యను పైకి లాగారు. అతనితోపాటు కొన్ని రొయ్యలు కూడా వచ్చాయి. వాటిని తిరిగి ఇచ్చేదాకా ఆదెయ్య కదలలేదు. ఇచ్చాక మెత్తబడ్డాడు గాని, కట్టమీద బులెట్టు తిప్పడానికి వీల్లేదు. దాన్ని వెనక్కి నెట్టుకుంటూ కట్ట చివరిదాకా పోవాల్సి వచ్చింది. ముందు బులెట్టు, దాని వెనక గడియారం, దాని వెనక దైవసంఘం.

మళ్ళీ టైటస్. "దాసన్నా, తొమ్మిదిన్నర దాటిపాయ! అవతల ఊళ్ళో జనం కాచుకోనుండారని అయ్యగారు లేస్తుండారు."

"అయిదు నిమిషాలు ఆపు టైటసూ. చర్చి కనపడతా ఉంది."

కనపడుతున్న మాట నిజమే. ఆ పల్లపు నేలలో చర్చి శిలువ ఎంత దూరాన్నుంచైనా కనపడుతుంది.

"సరే, అయితే అందరం మీకు ఎదురొస్తాం. అయ్యగారిని కూడా తీసకొస్తా, ఆయన బస్సూ అటే గదా. రోడ్డు మీద కలస్తాం."

"రాండి రాండి," అన్నాడు క్రీస్తుదాసు. తాను రోడ్డు మీద లేనన్న సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తుకు రాలేదు.

ఉప్పుపాళెం చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. చర్చికి తాళం. పందిట్లో ఒక్క మనిషి లేడు. మూతపెట్టిన ఇడ్లీ గిన్నెలకు ఒక కుక్క కాపలా కాస్తోంది.

చర్చి పక్కనే ఇసుకలో చేపలు ఎండబోస్తున్న కామమ్మ లేచి వచ్చింది. తట్ట నెత్తిన పెట్టుకొని చుట్టుపక్కల ఊళ్ళకు చేపలు అమ్మబోయే మనిషి. "ఏందన్నా, మీవాళ్ళంతా మీకోసమని రోడ్డున పోతిరే! ఇంత పొద్దుపోయినాకనా వచ్చేది? ఎలిశబెతక్క ఉంటే ఇట్టయ్యేదా?"

"ఆమె ఉంటే రేపటికి వచ్చుండేవాళ్ళం. నడక రాని మనిషి."

కామమ్మ పకపకా నవ్వింది. "ఎవురూ, అక్కకా? భలే ఎగతాళి చేస్తావన్నా! పొద్దన్నే మీ ఊరినుంచి ఇద్దరం కలిసి బయల్దేరేవాళ్ళం గదా. నేను ఒక ఊళ్ళో తట్ట దించేలోపల అక్క రెండూళ్ళు చుట్టేసేది. ఆగక్కా ఆగక్కా అని పరిగెత్తి పరిగెత్తి నాకు రొప్పొచ్చేది. మీతో వచ్చేటప్పుడు మాత్రం కాళ్ళకు బందం ఏసుకోవాల కామమ్మా అనేది. దాటిపోతే మా ఆయన చిన్నబుచ్చుకుంటాడు అని..."

క్రీస్తుదాసు ముఖం చూసి కామమ్మ నవ్వు ఆగిపోయింది. "నీకు తెలవదా అన్నా?"

ఆయన వెనక్కి తిరిగాడు. సంఘమంతా చేతుల్లోని మట్టలవైపు చూస్తోంది. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఆయన్ను నిలువునా కొట్టింది అదే.

"అక్క చెప్పొద్దనింది బావా," అంది క్యాథరిన్.

"మరి చీకటితో లేపిందెందుకు?"

"మీకోసమే. 'మీ బావ నడకకు రెండు గంటల పైనే పడతాది, ఎవరూ ఆయన్ను దాటబాకండి, అందరం కలిసే పోవాల' అనేది."

"అందుకే ఈరోజు కూడా మేం ఎవరం దాటలా అన్నా," అన్నాడు జయకుమార్, ఓదార్పుగా.

క్రీస్తుదాసు చర్చి మెట్టుమీద కూలబడ్డాడు. నడక రాని మనిషి దూరం పోయేకొద్దీ ఇంకా ఇంకా వెనకబడాలి. ఎలిశబెతు బజారు మొదట్లోనూ పది అడుగుల వెనకే ఉండేది, బజారు చివర్లోనూ పది అడుగుల వెనకే ఉండేది. ముప్ఫై ఏళ్ళు ఆ దూరం పెరగలేదు, తగ్గలేదు. అది కూడా నాలుగో తరగతి లెక్కే.

ఫోను మోగింది. జయకుమార్ తీసి స్పీకర్లో పెట్టాడు.

"దాసన్నా, యాడుండారయ్యా మీరు?" టైటస్ గొంతులో ఆయాసం లేదు, కోపమే ఉంది. "వెతుక్కుంటా వెతుక్కుంటా మీ ఊరికే వచ్చేసినాం. ఇక్కడ మీ చర్చికి తాళం!"

పిల్లాజెల్లాతో, ముసలివాళ్ళతో, ఉప్పుపాళెం సంఘం అయిదు కిలోమీటర్లూ నడిచేసింది. అదీ ఆయన కట్ట చివరనుంచి ఇక్కడికి వచ్చినంతసేపట్లో. క్రీస్తుదాసు కళ్ళు మూసుకున్నాడు.

అయ్యగారు చిన్నకండ్రిగ స్టాపులోనే బస్సెక్కి పోవాలి. గడియారానికి ఫోనులోనే ప్రార్థన చేస్తానన్నారు. చర్చికి తాళం గనుక జయకుమార్ స్టూలెక్కి గడియారాన్ని బయటి గోడకు, ఉతికిన తెరలు ఆరేసే మేకుకు తగిలించాడు. అందరూ తలలు వంచారు. ఆమేన్ అన్నాక అయ్యగారి గొంతు మళ్ళీ వినిపించింది.

"దాసుగారూ, ఎలిశబెతమ్మను గురించి సంఘానికి రెండు మాటలు చెప్పండి."

ఆ రెండు మాటలు క్రీస్తుదాసు నెల రోజులనుంచి సిద్ధం చేసుకొని ఉన్నాడు. రెండూ ఆమె ఆలస్యం గురించే. ఆయన లేచి నిలబడ్డాడు. గోడమీద గడియారం నడుస్తోంది. ఫోనులో బస్సు హారను వినిపించింది.

"చెప్పేదేం లేదయ్యగారూ. మీరు బస్సెక్కండి."

తిరిగి పోయేటప్పుడు ముందు నడవమని అందరూ బతిమాలారు. ఆయన చేపల ఆటో ఎక్కాడు.

ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఎవరినీ ఎత్తనివ్వడు. అరుగుమీద ఎవరైనా మొదలుపెడితే, లేచి వెళ్ళిపోతాడు. ఆయన వీధి మలుపు తిరిగేలోపల వాళ్ళు కథంతా మొదటినుంచి చివరిదాకా చెప్పుకొని, ఇంకో సంగతిలోకి కూడా పోయి ఉంటారు.