లేచి నిలబడినవాడు

ఉదయం ఏడింటికి మేనేజరు ఫోన్ చేసి, "ప్రధాన ప్రూఫ్ రీడర్‌గా నిన్నే వేద్దామనుకుంటున్నాం. ఇవాళ్టి ఆఖరి చదువు సజావుగా సాగితే సాయంత్రం ప్రకటిస్తాను" అన్నప్పుడు, కొత్త పెళ్ళికొడుకు చేతిలో ఆకుపచ్చని పొడి కలిపిన గ్లాసు ఉంది.

"నేను చెప్పలేదూ!" అంది భార్య, చెంచాతోనే చప్పట్లు కొట్టినంత పని చేసి. "ఈ పొడి మనకి కలిసొచ్చింది. ఒంట్లో చెత్తంతా వారంలో ఊడ్చేస్తుందట. రెండు రోజులు అర చెంచా అలవాటైంది కదా, ఇవాళ నిండు చెంచా వేశాను. మధ్యాహ్నం దీంతో పాటు ఇచ్చిన క్యాప్సూలు మర్చిపోకండేం!"

"మరి నీ గ్లాసు?"

"వంటింట్లో ఉందిలెండి, తాగుతాను."

పెళ్ళయి నలభై రోజులు. ఆ ఇంట్లో ఇంకా ప్రతిదీ ముచ్చటే. ఒకే కప్పులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడటం ముచ్చట. పొద్దున్నే కిటికీ ఎవరు ముందు తెరుస్తారన్న పోటీ ముచ్చట. ఇన్ని ముచ్చట్ల మధ్య తన ఒళ్ళు గాజు సామాను లాంటిదని అతను చెప్పలేకపోయాడు. జలుబుకి సగం మాత్ర వేసుకుంటే మర్నాటిదాకా నిద్రపోయే మనిషి. బలానికిచ్చిన టానిక్కుకి ఒళ్ళంతా దద్దుర్లు లేచిన మనిషి. ఆ అర చెంచాకే రెండు రోజులుగా కడుపు గొణుగుతోంది. కానీ భార్య కళ్ళలో అతనొక కొండ. కొండకి పొడి పడదని చెప్పేదెలా? గటగటా తాగేశాడు.

అతను పనిచేసే అచ్చు ఆఫీసులో ఆఖరి చదువుకొక పద్ధతి ఉంది. ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్ళు తమ ప్రతుల్లో వేలు పెట్టుకుని వెంట నడుస్తారు. తప్పు కనిపించినవాడు నోరు విప్పకూడదు, లేచి నిలబడాలి. చదువు ఆగుతుంది. ఆ తప్పేమిటో మిగతావాళ్ళే వెతికి పట్టుకోవాలి. చెప్పేస్తే కళ్ళు బద్ధకిస్తాయని, రిటైరైన పెద్దాయన పెట్టిన నియమం అది. ఇరవై ఏళ్ళలో దాన్ని ఎవరూ మీరలేదు. ఎవరూ ఊరికే లేవనూ లేదు.

ఆ రోజు పుస్తకం ఆరో తరగతి పిల్లలది, మనిషి శరీరం గురించి. బడులు తెరవడానికి వారమే ఉంది. కింద అచ్చు యంత్రం సిద్ధంగా ఉంది. మేనేజరే చదువుతున్నాడు. "కాలేయం రాత్రింబవళ్ళు మన రక్తాన్ని శుభ్రం చేస్తూ ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో ఈ పని దానంతట అదే జరుగుతుంది..."

సరిగ్గా అక్కడ, అతని కడుపులో ఎవరో బల్లలు జరిపినట్టయింది. లేచాడు. ఒక్క అంగలో తలుపు దాటాడు.

తిరిగొచ్చేసరికి అందరూ ఆ పేజీ మీదే వాలి ఉన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న పెద్దావిడ, అందరూ 'భూతద్దం' అని పిలుచుకునే ఆవిడ, వేలెత్తి అరిచింది. "దొరికింది నాయనా! బొమ్మ తిరగబడింది! గుండె ఆ మనిషి కుడివైపుకీ, కాలేయం ఎడమవైపుకీ పోయాయి. నాలుగుసార్లు చూశాను, నా కళ్ళకి ఆనలేదు. నీకెలా కనబడిందయ్యా?"

"అంటే, అదీ..." అన్నాడతను. నిజం చెప్పడానికి అదే మంచి అదను. ఈలోగా మేనేజరు భుజం తట్టాడు. అదను దాటిపోయింది.

మూత్రపిండాల పేజీలో రెండోసారి లేచాడు. అక్కడున్నది కడిగిన ముత్యం లాంటి వాక్యం: మనకు రెండు మూత్రపిండాలు ఉంటాయి. అయినా, లేచినవాడు అతను గనక తప్పు ఉండి తీరాలి. ఇరవై నిమిషాలు వెతికారు. ఒకాయన అనుమానంగా తన నడుము తడిమి చూసుకున్నాడు. చివరికి మేనేజరు రచయితకు ఫోన్ చేశాడు. వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే ఆ పెద్దమనిషి మొదట మండిపడి, "ఎవరూ, బొమ్మ తిరగబడిందని పట్టినాయనేనా?" అని మెత్తబడి, "అయితే ఒక్కసారి పుస్తకాలు తిరగేసి చెప్తాను" అన్నాడు.

చర్మం పేజీలో మూడోసారి లేచేటప్పటికి అతని మొహమంతా ఎర్రగా దద్దుర్లు పొంగాయి.

"కోపం చూశారా! ఇన్ని తప్పులుంటే ఎవరికి రాదు?" అన్నాడు నడుము తడుముకున్నాయన.

మేనేజరు మొహం పాలిపోయింది. కిందికి ఫోన్ చేసి, "యంత్రం ఆపండి. పుస్తకం మొత్తం మళ్ళీ రాయించాల్సొచ్చేలా ఉంది" అన్నాడు.

బాత్రూంలో కుళాయి కింద మొహం పెట్టి అతను ఆలోచించాడు. చెబితే పదవి పోతుంది. చెప్పకపోతే వారంలో బడికొచ్చే పిల్లలకి పుస్తకం ఉండదు. ఇంట్లో మాత్రం చేసిందేమిటి? గ్లాసు వద్దనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట మింగి పొడి తాగాడు. దాన్ని ప్రేమ అనుకున్నాడు. తీరా చూస్తే అందులో సగం భయమే. కొండ కాదని తెలిస్తే ఆమె ముచ్చట ఎక్కడ తగ్గుతుందోనని.

బయటికొచ్చేసరికి, అందరూ చదువుతున్న గది గుమ్మంలో భార్య ఉంది. పక్క వీధి కళ్ళద్దాల దుకాణంలో ఆమె ఉద్యోగం. "ఏవండీ, క్యాప్సూలు మర్చిపోయి..." అంటూ మొహం చూసి ఆగిపోయింది. "అయ్యో! ఏమిటండీ ఇది?"

అతను అందరి వైపూ తిరిగాడు. "ఇంకెవరూ వెతక్కండి. ఆ రెండు పేజీల్లో తప్పు లేదు. బొమ్మ సంగతీ నేను చూడలేదు. నేను లేచింది కడుపు బాగాలేక. నా ఒంటికి ఇలాంటివి పడవు. సగం మాత్ర కూడా పడదు."

ఒక్కొక్కరే ప్రతుల మీంచి వేళ్ళు తీశారు.

"నాకెందుకు చెప్పలేదండీ?" అంది భార్య.

"నువ్వంత ముచ్చటగా కలిపిస్తుంటే..."

ఆమె చెంగు మెలితిప్పింది. "మొదటి రోజు నేనొక్క గుక్క తాగాను. అరచేతులు దురద పెట్టి చచ్చాననుకోండి. అప్పట్నుంచీ నాది సింకులో పోస్తున్నా. మీరేమో కళ్ళు మూసి తెరిచేలోగా గ్లాసు ఖాళీ చేస్తున్నారు. నాకే పడదని చెప్పడానికి సిగ్గేసింది."

"మొత్తానికి శుభ్రపడింది సింకొక్కటే" అంది భూతద్దం.

మేనేజరు మాత్రం నవ్వలేదు. "ఇప్పుడు పదవి ఎవరికివ్వాలి? ఇతని కడుపుకా?"

"సార్, ఆ బొమ్మ నాలుగుసార్లు నా కళ్ళ ముందునుంచే పోయింది. ఇతను లేవకపోతే ఐదోసారీ పోయేది" అంది భూతద్దం. "తప్పు ఉందనుకుంటేనే మనం చూస్తాం. అప్పుడప్పుడు ఊరికే లేచేవాడొకడు ఉండాలి. పైగా తన తప్పు తనే చూపించినవాణ్ణి ఈ గదిలో నేను చూడటం ఇదే మొదలు."

అంతలో ఫోన్ మోగింది. అవతల రచయిత. "మూత్రపిండాలు రెండేనండీ. ఖాయం చేసుకున్నాను."

మేనేజరు ఫోన్ పెట్టేసి, అతని దద్దుర్ల వైపు చూశాడు. "అమ్మాయ్, ముందితన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. పదవి ఇతనిదే" అన్నాడు. తర్వాత గదంతా కలయజూశాడు. "బొమ్మ తిప్పించి పెడతాను. రేపు తొమ్మిదింటికి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుదాం. బాత్రూంకి వెళ్ళేవాళ్ళు మాత్రం ముందు చెయ్యెత్తి, ఆ తర్వాత లేవండి."