తిప్పేస్వామి రాయబారం

నాకు అక్షరాలు ముదిరిన వయసులో వచ్చినాయి. ఒత్తులు తప్పినా, చెయ్యి నిదానమైనా మన్నించండి. గొప్పోళ్ళ సంగతి తప్పుల్లేకుండా రాయడం చదువుకున్నోళ్ళకే కష్టం.

పందొమ్మిదొందల అరవయ్యైదు కరువులో మా ఊరి ప్రెసిడెంటు రామలింగయ్య గారు పంచాయితీ ఆఫీసు మెట్టెక్కి ప్రకటించినాడు. "మా మేనల్లుడు తిప్పేస్వామి ఢిల్లీలో అంతర్జాతీయ సంబంధాలు చదివినాడు. దాంతోపాటు రష్యా భాష కూడా చదివినాడు. ఇంగ మన ఊరికి నీళ్ళ కరువు లేదు!"

చప్పట్లు మోగినాయి. సంగతేమంటే, రష్యా నుంచి నీళ్ళ నిపుణుడొకాయన మా పక్కకు వస్తాండాడు. బోరు వేసే మిషను ఒక్కటే ఉండాది. ఏ ఊర్లో నీళ్ళు లేవని ఆయన తేలిస్తే ఆ ఊరికే అది.

తిప్పేస్వామికి ఆ మిషను కావాల. ఉగాదికే బావి ఎండిపోయి, వాళ్ళమ్మ సుమిత్రమ్మ కూడా వంక ఇసకలో చెలమ తవ్వి గిన్నెతో తోడుకుంటాంది. 'నీళ్ళు లేవు' అనే మాటను ఆ భాషలో రోజూ వల్లె వేసుకున్నాడు.

ఆ రష్యా దొర వచ్చే రోజున, కూలికి పోయే నల్లమ్మ ఆడోళ్ళందరినీ వట్టి బిందెలతో ఊరి ముందర నిలబెట్టింది. ప్రెసిడెంటు అదిరిపడినాడు.

"ఏం నల్లమ్మా, బుద్ధుండాదా? వచ్చే మనిషికి వట్టి బిందెతో ఎదురొస్తారా?"

"ఉండేది వట్టివే గదా సామీ!"

"అపశకునం! నింపండి!"

"యాడ నింపేది?"

ప్రెసిడెంటు గారి దూరదృష్టి అప్పుడు బయటపడింది. తాడిపత్రి నుంచి రాళ్ళ లారీల్లో నీళ్ళ పీపాలు దిగినాయి. బిందెలు నిండినాయి. మిగిలిన నీళ్ళు బావిలో కుమ్మరించినారు. జనం చాలరని, ఉగ్గాని బజ్జీ పెడతామని పక్కనున్న బోడిపల్లెలో చాటింపు వేయించినాడు. వాళ్ళు ఇండ్లకు తాళాలేసి, ముసలోళ్ళతో సహా బండ్లు కట్టుకొని వచ్చినారు.

దొర బావిలోకి తొంగి చూసి ఏదో అడిగినాడు.

"ఏమంటాండాడప్పా?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఊర్లో నీళ్ళుండాయా అని మామా. లేవని చెప్తా."

"యోవ్! ఇంటికొచ్చినోనితో లేదంటారా? మీ తాత యానాడన్నా లేదన్నాడా? ఉండాయని చెప్పు!"

'నీళ్ళు లేవు' అనే మాట తిప్పేస్వామి నాలిక మీదికి వచ్చింది. కానీ రాయబారి తన మాట చెప్పకూడదు, తనను పంపినోళ్ళ మాట చెప్పాల. అది రెండో సంవత్సరం పాఠం. ఉండాయని చెప్పినాడు. భాష బాగా పలుకుతాండావని దొర భుజం తట్టినాడు.

"లేవని చెప్పప్పా! నోరు పడిపోయిందా?" అని నల్లమ్మ అరిచింది. దొర ఆమె పక్క చూసినాడు.

"మిమ్మల్ని దీవిస్తాంది" అని తిప్పేస్వామి తర్జుమా చేసినాడు. దొర నల్లమ్మకు రెండు చేతులా దండం పెట్టినాడు.

ఉగ్గాని తిని దొర జీపెక్కినాడు. దారిలో బోడిపల్లె. ఇంటింటికీ తాళం. బావిలో రాళ్ళు తేలినాయి. కుక్కలు కూడా బజ్జీల వాసనకు మా ఊరికి వచ్చేసినాయి. నీళ్ళు లేక ఊరు ఊరే వలసపోయిందని దొర కండ్లు తుడుచుకున్నాడంట. మిషను బోడిపల్లెలో దిగింది.

మా ప్రెసిడెంటు గారు కుంగిపోయే మనిషి కాదు. వెంటనే గ్రామసభ పెట్టి, తప్పు యాడ జరిగిందని ఆయనే అడిగి ఆయనే తేల్చినాడు.

"ఒక్క భాషతో పని గాలేదు. తిప్పేస్వామిని మళ్ళా ఢిల్లీకి పంపి జర్మనీ భాష కూడా చదివించాల. ఒప్పుకునేటోళ్ళు చేతులెత్తండి."

"మామా, నేను..."

"నువ్వు కూర్చో నాయనా. నీ తప్పేం లేదు."

సభలో ఉన్నోళ్ళందరూ చేతులెత్తినారు. తీర్మానం ఏకగ్రీవం. ఆడోళ్ళు ఒక్కరూ లేరు. బోడిపల్లెకు నీళ్ళకు పోయినారు.

వెంకటలక్ష్మమ్మ, అరవై ఎనిమిదేండ్లు. ఇప్పుడు గార్లదిన్నెలో ఉంటాండాను.