ఖాళీ గొట్టంలో సీసం

ఆ రోజు కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. లిప్‌స్టిక్కుల్లో సీసం ఉందో లేదో మధ్యాహ్నంలోగా తేల్చేయడం, మామగారి చేత ఒక్క మాట పడకుండా మేడెక్కి భోంచేయడం. కింద ల్యాబు, పైన ఇల్లు. రెండింటికీ యజమాని మామగారే కాబట్టి ఆ రెండో భాగం ఏనాడూ నెరవేరలేదు.

లిప్‌స్టిక్కులావిడ పొద్దున్నే సరుకు పెట్టెతో సహా వచ్చి, ముందుగదిలో ల్యాబు కాగితాలు టైపు చేస్తున్న అత్తగారి ఎదురుగా కూర్చుంది. తన వంటింట్లోనే రంగులు కరిగించి, అచ్చుల్లో పోసి చేసినవి అవి. ఓ పెద్ద దుకాణం వాళ్లు సరుకంతా తీసుకుంటామన్నారట. అయితే సీసం లేదన్న కాగితం సాయంత్రం దుకాణం కట్టేసేలోగా చూపించాలి. లేకపోతే దుకాణంలో ఆవిడ సరుక్కి ఇస్తామన్న అర ఇంకొకరికి పోతుంది. ఆవిడ మంచినీళ్లు కూడా వద్దంది.

పద్ధతి మామూలుదే. లిప్‌స్టిక్ ముక్కను గొట్టంలో వేసి, ఆమ్లంలో కరిగించి, యంత్రానికి పెడతారు. పక్కనే ఇంకో గొట్టంలో ఉత్త ఆమ్లం పోసి అదే తతంగం జరిపిస్తారు. లిప్‌స్టిక్ లేని ఆ ఖాళీ గొట్టంలో సీసం కనబడకూడదు. కనబడిందంటే సీసం ల్యాబులోదే అన్నమాట.

కనబడింది.

మామగారు యంత్రం వైపు చూడలేదు, కోడలి ముఖం వైపు చూశారు.

"కాటుక పెట్టుకున్నావా?"

"లేదండీ మామయ్యగారూ."

"మరి కళ్లకింద ఆ నలుపేమిటి?"

"నిద్ర చాలకండీ."

అయినా ముఖం కడుక్కోమన్నారు. కడుక్కుంది. రంగులు, పొడులు పూసుకుని ఎవరూ ల్యాబులోకి రాకూడదన్నది ఆయన పెట్టిన నియమం. దాని మీద ఉన్న నమ్మకం ఆయనకు యంత్రం మీద కూడా లేదు. తర్వాత గొట్టాలన్నీ మళ్లీ కడిగించారు. కోడలు కడిగితే ఆయనకు కడిగినట్టే కాదు. అందుకని ప్రతి మూతా తానే తీసుకుని, లోపల వేలు పెట్టి గిర్రున తిప్పి, శుభ్రంగా ఉందని తేల్చాకే బిగించారు. చేతికి తొడుగులు వేసుకుంటే వేలికి తెలియదట.

రెండోసారి ఖాళీ గొట్టంలో సీసం ఇంకాస్త పెరిగింది.

ఇక ఆయన హడావిడి చూడాలి! ఆమ్లం మార్పించారు, నీళ్లు మార్పించారు, బల్లలు తుడిపించారు. ల్యాబులో అడుగుపెట్టి ఏళ్లు దాటిన అత్తగారి చేత కూడా ముఖం కడిగించారు. చివరికి లిప్‌స్టిక్కులావిడ వల్లే ఇదంతా గాలిలో వస్తోందని తేల్చి, పెట్టెతో సహా ఆవిణ్ణి వీధిలోకి పంపేశారు. మధ్యమధ్య ఏమీ పాలుపోక రెండు చేతులతో తల నిమురుకుంటున్నారు, మళ్లీ మూతలు తిప్పి చూస్తున్నారు. మూడోసారి లిప్‌స్టిక్కుల్లో కంటే ఖాళీ గొట్టంలోనే సీసం ఎక్కువొచ్చింది.

కోడలికి ఒళ్లు మండిపోయింది. కిటికీలోంచి చూస్తే ఆవిడ ఎండలో నిలబడి, గొడుగు తన మీద కాకుండా సరుకు పెట్టె మీద పట్టుకుంది. ఇటు చూస్తే మామగారి చెయ్యి తల మీంచి మూతలోకి, మూతలోంచి తల మీదికి వెళ్తోంది. కోడలు ఓ నిమిషం అలాగే చూసింది. తర్వాత బల్ల మీదున్న ఆయన దువ్వెనను తడి దూదితో తుడిచి, ఆ దూదిని ఆమ్లంలో వేసి, యంత్రానికి పెట్టింది. అంత సీసం కొలవడం తన వల్ల కాదన్నట్టు యంత్రం ఎర్రదీపం వెలిగించింది.

మామగారు మండిపడ్డారు. "ఏం లిప్‌స్టిక్ ఇది? మనుషులు పెట్టుకునేదేనా?"

"మీ దువ్వెనండీ."

తల నిమురుకోబోతున్న చేతిని ఆయన వెనక్కి లాక్కున్నారు. ఈ వయసులో నల్లటి జుట్టు తమ వంశలక్షణమని ఆయన చెప్పుకోని మనిషి లేడు. ఆ వంశలక్షణం స్నానాలగది అలమరలో ఒక బుడ్డిలో ఉంటుంది. రోజూ రాసుకుంటే మెల్లగా నల్లబడుతుంది. నల్లబరిచేది సీసమే.

ఆయన్ని బయట కూర్చోబెట్టి, కోడలు తొడుగులు వేసుకుని మొత్తం మళ్లీ చేసింది. ఖాళీ గొట్టం ఖాళీగానే ఉంది. లిప్‌స్టిక్కులూ నిక్షేపంలా ఉన్నాయి. అయితే పరీక్ష తప్పితే ఎందుకు తప్పిందో కాగితంలో రాయాలి. కారణం తెలియకపోతే వారం ఆగి మళ్లీ చేయాలి. ఇదీ ఆయన నియమమే.

"తెలియలేదని రాసెయ్యమ్మా," అన్నారు మామగారు, మొదటిసారి మెత్తగా.

"అలా రాస్తే వారం ఆగాలండీ. ఆవిడ సరుకు ఏమైపోవాలి? నేను రాయను."

ఆయన కిటికీలోంచి పెట్టెకు గొడుగు పట్టి నిలబడ్డ ఆవిణ్ణి చూశారు. తర్వాత కాగితాలు టైపు చేసే అత్తగారి ముందుకెళ్లి నిలబడి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పారు. "కారణం... ల్యాబు యజమాని... తలకేసుకునే రంగు."

అత్తగారు తలెత్తకుండా టైపు చేశారు.

"నీకు ఆశ్చర్యంగా లేదా?"

"ఇన్నేళ్లూ మీ తలగడ గలీబులు ఉతికిందెవరనుకున్నారు?"

మామగారు సంతకం పెట్టారు. లిప్‌స్టిక్కులావిడ ఆ కాగితం పట్టుకుని పరుగు తీసింది. దుకాణం షట్టరు సగం దించాక వంగి లోపలికి దూరిందని, సరుకంతా తీసుకున్నారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు గలీబులు మామగారే ఉతుకుతున్నారు గానీ, అవి శుభ్రమయ్యాయని అత్తగారు ఇంతవరకూ ఒప్పుకోలేదు.