నిమిషంగారి గ్యారేజీ అలారం

ఆ శనివారం పొద్దున నిమిషంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, పెరటి చివర ఉన్న గ్యారేజీ తలుపుకి అలారం తగిలించడం, పన్నెండింటికి వచ్చే టౌన్ హాలు మేనేజరుకి దాన్ని చూపించి సంతకం పెట్టించుకోవడం, భోజనం చేసి ఓ కునుకు తీయడం. కునుకు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు అప్పుడే హాయిగా అనిపించింది కూడా.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. వృత్తి గడియారాలు బాగుచేయడం. ఎవరు ఏం చెప్పినా బల్ల మీంచి తల ఎత్తకుండా "ఒక్క నిమిషం" అంటారు కనక అదే పేరై కూర్చుంది. ముప్పై ఏళ్లుగా చేతిగడియారాలూ గోడగడియారాలూ తప్ప పెద్ద పని తగలని ఆయనకు పోయిన వారం టౌన్ హాలు బురుజు మీది గడియారం యంత్రం వచ్చింది. ఆరుగురు మోసుకొచ్చి గ్యారేజీలో దించారు. నూట పదేళ్ల నాటి ఇత్తడి చక్రాలు, ఒక్కొక్కటీ పళ్లెమంత. వాటిని చూసిన ఆనందంలో రెండు రోజులు ఆయనకు తిండి సయించలేదు. అయితే మేనేజరు ఓ మెలిక పెట్టాడు. గ్యారేజీకి అలారం లేకపోతే బీమా కుదరదు, బీమా లేకపోతే యంత్రాన్ని శనివారం సాయంత్రమే వేరే ఊరి కంపెనీకి తరలించేస్తారు.

ఇంటికి అలారం ఉంది. వీధి తలుపు పక్కన గోడకి దాని పెట్టె బిగించి ఉంది. గ్యారేజీ మాత్రం ఇంటితో సంబంధం లేనట్టు పెరటి ఆ చివర, పక్కింటి ప్రహరీని ఆనుకుని విడిగా ఉంది. అక్కడిదాకా వైరు పాతాలంటే భార్య వేసుకున్న గులాబీ మడులు తవ్వాలి. ఆ మాట ఎత్తగానే ఆవిడ ఓ చూపు చూసింది. ఆ మధ్యాహ్నమే నిమిషంగారు దుకాణానికి ఫోన్ చేసి వైర్‌లెస్ సరంజామా తెప్పించుకున్నారు.

తొమ్మిదింటికి బావమరిది దిగాడు. ఎవరూ పిలవలేదు. ముందురోజు అక్క ఫోన్లో మాటవరసకి అంది, అంతే. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. పన్నెండంతస్తుల లిఫ్టుని కదిలించే తనకి ఒక తలుపు అలారం ఏపాటిదని అతని ధీమా.

"ఆ పుస్తకం చదవకు బావా. చదివితే లేనిపోని అనుమానాలొస్తాయి" అంటూ సూచనల పుస్తకం లాక్కుని, ఊగుతున్న నిచ్చెన కాలి కింద ఎత్తుకి పెట్టేశాడు.

తలుపుకి అగ్గిపెట్టంత సెన్సరు, దాని ఎదురుగా గుమ్మానికి అయస్కాంతం ముక్క అంటించారు. తలుపు తెరిస్తే రెండూ విడిపోతాయి. సెన్సరు ఇంట్లో పెట్టెకి కబురు పంపుతుంది, పెట్టె సైరన్ మోగిస్తుంది. ముందుగా ఆ రెండింటికీ పరిచయం చెయ్యాలి. ఇంట్లో పెట్టె మీద 'చేర్చు' అన్న మీట నొక్కి ఉంచి, ఇక్కడ సెన్సరు బొత్తాం నొక్కితే, పెట్టె కుయ్‌మని ఒప్పుకోవాలి. గంటన్నర నొక్కినా అది ఒప్పుకోలేదు. గోడలు మందమని, కబురందుకుని ముందుకు తోసే రిపీటరు పెట్టాలని బావమరిది తేల్చాడు. పొట్లంలో అదీ ఉంది. గ్యారేజీలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు, అది పక్కింటి వైపు కిటికీలో ఉంది. రిపీటరుని అక్కడే గుచ్చారు.

పెట్టె కుయ్‌మంటే కేక వెయ్యమని నిమిషంగారు భార్యని హాల్లో నిలబెట్టి వచ్చారు. ఆవిడ ఓ చెవి పెట్టెకీ, ఓ చెవి వంటింట్లో కేకు కాలుతున్న ఓవెన్‌కీ అప్పగించి నిలబడింది. బావమరిది బొత్తాం నొక్కాడు.

"కూసిందా?"

"ఆ, కూసింది" అంది ఆవిడ.

కూసింది ఓవెన్. ఆవిడ కేకు దించడానికి వెళ్లిపోయింది.

పరీక్షిద్దామని బావమరిది తలుపు మూసి, మళ్లీ బార్లా తెరిచాడు. సైరన్ వీధి వీధంతా దద్దరిల్లేలా అందుకుంది. బావా బావమరుదులు చేతులు కలుపుకున్నారు. టౌన్ హాలు బురుజు మళ్లీ గంట కొడుతున్నట్టూ, కింద జనం తలెత్తి చూస్తున్నట్టూ నిమిషంగారి కళ్ల ముందు మెదిలింది. ఇక ఆపుదామని ఇంట్లోకి వెళ్లి పెట్టె మీద అంకెలు నొక్కారు. మోత ఆగలేదు. మళ్లీ నొక్కారు. అయినా ఆగలేదు.

"బిగుసుకుపోయింది బావా. ఊపిరాడేలా చెయ్యాలి" అని బావమరిది పెట్టెని గోడ మీంచి ఊడబెరికి బ్యాటరీ లాగాడు. ఊడబెరికేవాడు దొంగే అయి ఉండాలని ఆ పెట్టెకి ముందే చెప్పి ఉంచారు. దాంతో అప్పటిదాకా నోరెత్తని వాళ్ల సొంత సైరన్ కూడా మొదలైంది.

అంతలో అలారం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, ఇంటివారేనని నమ్మకానికి రహస్యపదం చెప్పమంది. అది పెట్టింది భార్య. నిమిషంగారు పెళ్లిరోజు చెప్పి చూశారు. కాదంది. భార్య పుట్టినరోజు చెప్పారు. అదీ కాదంది ఆ అమ్మాయి. అసలు ఆ తేదీయే తప్పని పక్కనుంచి భార్య అంది. ఇంకొక్కసారి తప్పితే పోలీసులకు కబురు చెయ్యాల్సి వస్తుందని తెలిశాక, భార్య ఫోన్ అందుకుని గోడవైపు తిరిగి ఏదో గొణిగింది. అమ్మాయికి వినపడలేదు. ఆ హోరులో ఆవిడకు గొంతు పెంచక తప్పలేదు.

"మొండిఘటం."

అమ్మాయి ధన్యవాదాలు చెప్పి అక్కడినుంచే సైరన్ ఆపేసింది. నిమిషంగారు భార్యకేసి చూశారు. అలారం బిగించిన రోజు ఆయన ఎవరి మాటా వినకుండా గోడకి తొమ్మిది చిల్లులు పెట్టారనీ, పదం అడిగితే నోటికొచ్చింది చెప్పాననీ ఆవిడ అంది. ఆయన గోడ మీది చిల్లులు లెక్కపెడుతూ ఉండగానే ముగ్గురికీ ఒకేసారి తెలిసొచ్చింది. మోత ఇంకా వినిపిస్తూనే ఉంది. అది వస్తున్నది పక్కింట్లోంచి.

పక్కిల్లు పెద్ద టీచరుగారిది. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా పదవీ విరమణ చేసి పదేళ్లయింది. ఒంటరిగా ఉంటారు. ఆవిడ ఎదురుపడితే నిమిషంగారు ఇప్పటికీ చొక్కా గుండీలు తడుముకుంటారు. గ్యారేజీ సెన్సరు దారి తప్పి ఆవిడ పెట్టెతో చుట్టరికం కలుపుకుందని అర్థమయ్యేసరికి ఆయన చెయ్యి చొక్కా పై గుండీ మీదికి పోయింది. క్షమాపణ మాటలు కూడగట్టుకుంటూ వెళ్లి ఆవిడ ఇంటి గంట కొట్టారు. ఎవరూ రాలేదు. తలుపు తట్టారు. పలుకు లేదు. కారు వాకిట్లోనే ఉంది, చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఇంత మోత మోగుతుంటే బయటికి వచ్చి తిట్టకుండా ఉండే మనిషి కాదావిడ. నిమిషంగారికి అప్పటిదాకా ఉన్న భయం పోయి, అంతకన్నా పెద్దది పట్టుకుంది.

పెరటి వైపునుంచి చూస్తానని బావమరిది ప్రహరీకి నిచ్చెన వేశాడు. స్క్రూడ్రైవరు పళ్ల మధ్య కరుచుకుని, ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి గోడ మీద కూర్చున్న క్షణాన పోలీసు జీపు వచ్చి ఆగింది. టీచరుగారు ఫోన్ ఎత్తకపోయేసరికి ఆవిడ అలారం కంపెనీ వాళ్లే పంపించారు. ఇద్దరు పోలీసులు దిగారు. పెద్దాయన గోడ మీది మనిషిని, నోట్లో పనిముట్టుని, కింద నిచ్చెనని వరసగా చూసి నోటుబుక్కు తీశాడు. బావమరిది ఏదో చెప్పాడు గానీ స్క్రూడ్రైవరు అడ్డొచ్చి మాటలు బయటికి రాలేదు.

"ఇతను మీకు తెలుసా అమ్మా?" అని నిమిషంగారి భార్యని అడిగాడు పెద్దాయన.

ఆవిడ గోడ నుంచి ఊడి పడున్న పెట్టెని ఓసారి తలచుకుంది. "తమ్ముడేనండీ" అంది, కాస్త ఆగి.

అప్పుడే సైరన్ హోరుని మించి టీచరుగారి ఇంట్లోపల ధన్ ధన్‌మని ఎవరో దేన్నో బాదుతున్న చప్పుడు అందరికీ వినిపించింది. పోలీసుల ముఖాలు బిగుసుకున్నాయి. చిన్నాయన తెరిచి ఉన్న వంటింటి కిటికీలోంచి దూరి తలుపు తీశాడు. పెద్దాయన చప్పుడు వస్తున్న సామాన్ల గది ముందు నిలబడి, లోపల ఉన్నవాళ్లు చేతులు పైకెత్తి బయటికి రావాలని గట్టిగా చెప్పాడు.

"చేతులు ఎత్తగలను గానీ బయటికి రాలేను. పిడి ఊడింది" అంది లోపలి గొంతు. ఆ గొంతుకి ముప్పై ఏళ్లు వీధిలో పిల్లలంతా లేచి నిలబడ్డారు. లాఠీ ఎత్తిన పెద్దాయన చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

గోడ దిగి వచ్చిన బావమరిది వాళ్లందరినీ పక్కకి జరగమన్నాడు. అంతస్తుల మధ్యలో ఇరుక్కున్న మనుషుల్ని బయటికి తీయడం అతనికి నిత్యకృత్యం. సన్నటి ఇనుప పట్టీ ఒకటి గడియ సందులో దూర్చి, తలుపుకి భుజం ఆనించి, లోపల ఉన్నవారిని ఊపిరి నిదానంగా తీసుకోమన్నాడు. పొద్దున్నించీ అతను చేసిన పనుల్లో తిన్నగా జరిగింది అదొక్కటే. తలుపు తెరుచుకుంది. పెద్ద టీచరుగారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నారు, చేతిలో ఊడిన పిడి.

వచ్చీరాగానే ఆవిడ సైరన్ ఆపారు. రెండు గ్లాసుల నీళ్లు తాగారు. దుకాణంవాళ్లు తనకీ కిటికీ సెన్సరు ఒకటి పంపారనీ, పెట్టె మీద 'చేర్చు' నొక్కి స్క్రూడ్రైవరు కోసం ఈ గదిలోకి వస్తే తలుపు మూసుకుపోయి పిడి చేతికొచ్చిందనీ చెప్పారు. అప్పుడు ఎనిమిది. ఫోన్ బయట బల్ల మీద ఉండిపోయింది. కిటికీ లేని గదిలోంచి కేకలు వేసి వేసి గొంతు ఎండిపోయింది.

"మా అమ్మాయి వచ్చేది సోమవారం. ఈలోగా ఎవరూ రారు" అంటూ ఆవిడ ఖాళీ గ్లాసు మళ్లీ నింపుకున్నారు. "ఇంతకీ అలారం ఎవరు మోగించారు?"

పెద్దాయన పెన్సిలు ఎత్తి పట్టుకున్నాడు. బావమరిది పైకప్పు చూడసాగాడు. నిమిషంగారు ఒకడుగు ముందుకు వేశారు.

"నేనేనండీ. మా గ్యారేజీ తలుపు తెరిస్తే మీ ఇంట్లో మోగింది. తప్పయిపోయింది."

పెద్ద టీచరుగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "నా సర్వీసు మొత్తంలో ఇంత మంచి తప్పు చూళ్లేదు బాబూ" అన్నారు. నిమిషంగారు తెలియకుండానే అక్కడున్న బకెట్టు మీద కూలబడ్డారు.

టౌన్ హాలు మేనేజరు వచ్చింది సరిగ్గా ఆ సమయానికే. జీపునీ నిచ్చెననీ చూసి, యంత్రం పోయిందనుకుని పరుగున లోపలికి వచ్చాడు. పోలీసు పెద్దాయన అతన్ని కూర్చోబెట్టి నోటుబుక్కులోంచి చదివి వినిపించాడు. గ్యారేజీ తలుపు తెరిచారు, అలారం మోగింది, తొమ్మిది నిమిషాల్లో పోలీసులు వచ్చారు. మేనేజరు రెండోసారి చదివించుకున్నాడు. పోయినేడు టౌన్ హాల్లో అలారం మోగితే పోలీసులు ముప్పావుగంటకి వచ్చారని, వచ్చేసరికి అలారమే పోయిందని చెప్పాడు.

సెన్సర్ని సొంత పెట్టెకి మార్చడం ఐదు నిమిషాల పనని బావమరిది లేచాడు. పెద్ద టీచరుగారు కూర్చోమన్నారు. దాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు, రోజంతా ఇంట్లో ఉండేది తను, గడియారాల్లో తల దూర్చితే లోకం తెలియని మనిషికన్నా తన చెవులే నయం. బదులుగా తన సామాన్ల గదిలో ఓ బొత్తాం పెట్టి, నొక్కితే వాళ్లింట్లో మోగేలా చెయ్యమన్నారు. ఆయనకి వినపడకపోయినా తనకి వినపడుతుందని నిమిషంగారి భార్య ఒప్పుకుంది. అందరికీ కేకు కోసి పెట్టింది.

మేనేజరు తింటూనే బీమా కాగితం తీసి వరసగా నింపాడు. 'అలారం మోగు స్థలం' అన్న గడి దగ్గర ఒక్క క్షణం కలం ఆపి, 'పక్కింట్లో' అని రాశాడు.