ఓడిపోవడం రాని గోల్‌కీపర్

మనిషికి ఓటమిని మించిన గురువు లేడని విద్యాశాఖ ఒక మంగళవారం నాడు తీర్మానించింది. బుధవారం సెలవు కావడంతో ఆ తీర్మానం గురువారం ఉదయం నుంచి అమల్లోకి వచ్చింది. (ఈ గురువుకు జీతమూ పింఛనూ ఇవ్వనక్కర్లేదన్న అంశాన్ని ఆర్థిక విభాగం ప్రత్యేకంగా అభినందించింది.)

ఆటలు పిల్లల చదువునూ వ్యక్తిత్వాన్నీ తీర్చిదిద్దుతాయని అప్పటికే అందరికీ తెలుసు. తీర్చిదిద్దినట్టు రుజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ లోటు పూడ్చడానికి 'క్రీడాగుణ' అనే యాప్ వచ్చింది. అందులో ప్రతి విద్యార్థికీ గుణాల గళ్ళు ఉంటాయి. సహకార భావానికి, పక్కవాళ్ళ భుజం మీద చెయ్యి వేసి దిగిన ఫోటో చాలు. నాయకత్వానికి ఎటో ఒకవైపు వేలు చూపిస్తూ దిగాలి. (ఎటువైపు అన్నది నిబంధనల్లో లేదు. నాయకత్వంలో అది ముఖ్యం కాదు.) 'విజయంలో వినయం' అన్న గడికి గెలిచిన ఆట, వంచిన తల కావాలి. 'ఓటమిని హుందాగా స్వీకరించుట' అన్న గడికి ఓడిన ఆట, చిరునవ్వు కావాలి. గళ్ళన్నీ పచ్చబడితేనే పై తరగతికి పంపుతారు. ఆడటానికి గడి లేదు.

ఒక బడిలో ఆటల మాస్టారు ఈ సర్క్యులర్‌ను రెండుసార్లు చదివి, మెడలో విజిల్ సవరించుకుని, ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. ఆయన ఎవరితోనూ పేచీ పెట్టుకునే మనిషి కాదు. లెక్కల టీచరు వచ్చి "ఇవాళ మీ పీరియడ్ నాకిస్తారా" అని అడిగితే, ఇచ్చేసి, సామాన్ల గదిలో కూర్చుని బంతులకు గాలి కొట్టుకునే రకం. వారం తిరిగేసరికి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు అన్ని గళ్ళూ పచ్చబడ్డాయి, ఒక్కటి తప్ప. ఆ ఏడాది జట్టు ఒక్క ఆటా ఓడలేదు. అందుకు కారణం ఒకే ఒక్క పిల్ల. ఆమెను అందరూ 'గోడ' అంటారు.

గోడ బడికి వచ్చిన కొత్తలో నోట్లో నాలుక లేని పిల్ల. పేరు అడిగితే పక్క పిల్ల వైపు చూసేది. మాస్టారు ఆమెను తీసుకెళ్ళి గోల్‌లో నిలబెట్టారు, అక్కడైతే ఎక్కువ పరుగెత్తనక్కర్లేదని. కానీ గోల్‌లో నిలబడ్డవాళ్ళు అరవాలి. ముందున్న నలుగురికీ ఎవరు ఎటు వస్తున్నారో చెప్పాలి. మొదట్లో గొణిగింది. తర్వాత చెప్పింది. ఆ తర్వాత "ఎడమ! ఎడమన ఉంది, నిద్రపోతున్నారా!" అని ఆమె పెట్టిన కేకకు వీధి అవతల సైకిల్ రిపేరువాడి చేతిలో పానా జారిపడింది. అలా గొంతు వచ్చిన పిల్ల ఒకరోజు క్లాసులో లేచి, "సార్, నాకది అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంది. లెక్కల టీచరు ఉద్యోగంలో చేరాక ఆ మాట వినడం అదే మొదటిసారి. మళ్ళీ చెప్పారు. ఇంకో పది మందికి కూడా అర్థమైంది. మాస్టారు ఆ రోజంతా కాలర్ ఎగరేసుకుని తిరిగారు. దీనికీ యాప్‌లో గడి లేదు.

ఓటమి గడి సంగతి అడగడానికి మాస్టారు యాప్ సహాయ కేంద్రానికి ఫోన్ చేశారు.

"పిల్లలు ఇంతవరకూ ఓడలేదాండీ?" అంది అవతలి గొంతు, కాస్త నొచ్చుకుంటూ. "ముందే జాగ్రత్త పడాల్సింది కదా."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఇంకా ఒక ఆట మిగిలుందిగా. పిల్లల్ని ప్రోత్సహించండి."

ఈ లోపు కబురు ఇళ్ళకు చేరింది. జట్టులో పిల్లల తల్లిదండ్రులు గోడ వాళ్ళ అమ్మ ఇస్త్రీ షాపుకు వరస కట్టారు. మీ పిల్ల పట్టుదల వల్ల మా పిల్ల ఒక ఏడాది వెనకబడిపోతుందని మర్యాదగానే చెప్పారు. (మర్యాదకు గుర్తుగా రెండేసి చొక్కాలు కూడా తెచ్చారు.) సాయంత్రం గోడ వాళ్ళ అమ్మ బడికి వచ్చింది.

"మాస్టారూ, మా పిల్ల ఏం తప్పు చేసిందండీ?"

"ఏ తప్పూ చెయ్యలేదమ్మా. అదే ఇబ్బంది."

"పోనీ, ఓడిపోవడానికి కోచింగ్ ఎక్కడన్నా ఉంటే చెప్పండి. ఎలాగోలా చేర్పిస్తాను."

చివరి ఆట పక్క బడితో. వాళ్ళది ఇందుకు సరిగ్గా తలకిందులైన కష్టం. ఏడాది పొడుగునా ఓడిపోయి, ఓటమి గడి ఎప్పుడో పచ్చబడి, వినయం గడి ఎర్రగా మిగిలిపోయింది. వినయంగా ఉండటానికి వాళ్ళకు ఒక్క గెలుపు దొరకలేదు. రెండు బళ్ళ ఆటల టీచర్లూ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. మీరు గెలవండి, మేము ఓడతాం అని ఇంత సాఫీగా కుదిరిన ఒప్పందం ఆ చుట్టుపక్కల ఏ రంగంలోనూ లేదు.

మాస్టారు గోడను సామాన్ల గదిలోకి పిలిచారు.

"ఒక్కటి వదిలెయ్ తల్లీ."

"ఎలా వదలాలి సార్? మీరు అది నేర్పలేదుగా."

మాస్టారు ఆమెను ఆటస్థలానికి తీసుకెళ్ళారు. ఆలస్యంగా దూకడం, వేళ్ళు సడలించడం లాంటివి చేసి చూపించారు. గోడ బుద్ధిగా ప్రాక్టీసు చేసింది. బంతి వచ్చిన ప్రతిసారీ చేతులు వాటంతటవే వెళ్ళిపోతున్నాయి. "సారీ సార్" అని ప్రతిసారీ చెప్పింది. తాను ఇన్నేళ్ళూ నేర్పినదంతా తానే ఊడబెరుకుతున్నానని మాస్టారికి తెలుస్తూనే ఉంది.

ఆట రోజున శాఖ పంపిన గుణవికాస అధికారి మడత కుర్చీ, గొడుగు, ట్యాబ్‌తో వచ్చి గీత పక్కన కూర్చున్నారు. రిఫరీకి జ్వరం తగలడంతో విజిల్ మాస్టారి చేతికే వచ్చింది. పక్క బడి జట్టుకు ఆశాకిరణం ఒక పొడుగాటి పిల్ల. తన్నిన బంతి ఎప్పుడూ ఆకాశానికే వెళ్తుంది కాబట్టి ఆమె పేరు తారాజువ్వ. ఆ రోజు కూడా ఏమాత్రం తడబడకుండా ఆకాశానికే కొట్టింది. గోడ పక్కకు జరిగి దారి ఇచ్చినా బంతి గోల్ వైపు రాలేదు. ఆట ముగియబోతుండగా, గోడ జట్టులో వెనక ఆడే పిల్ల ఇక లాభం లేదనుకుని, తమ గోల్ ముందు తన దారిన తాను పోతున్న బంతిని రెండు చేతులా ఎత్తుకుని నిలబడింది. పెనాల్టీ.

తారాజువ్వ తన్నింది. బంతి నెమ్మదిగా, తిన్నగా గోడ మీదికే వచ్చింది. అక్కడే నిలబడితే కాలికి తగిలి ఆగిపోయేది. గోడ ఒక అడుగు పక్కకు వేసింది. గోల్. అధికారి ట్యాబ్ తెరిచారు.

తారాజువ్వ గంతులు వెయ్యలేదు. వలలోంచి బంతి తీసుకుని గోడ ముందుకొచ్చి నిలబడింది.

"ఎందుకు జరిగావ్?"

"సారీ" అంది గోడ.

"నాకు గోల్ కొట్టడం రాదు, సరే. కానీ నువ్వు పక్కకి తప్పుకుంటే దూరిపోవడానికి నేనేమన్నా అంబులెన్సునా? మళ్ళీ కొడతా. ఈసారి ఆపు. చేతనైతే ఆపు."

అందరూ మాస్టారి వైపు చూశారు. తల ఊపితే జట్టంతా పై తరగతికి వెళ్ళిపోతుంది. ఊపకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. పేచీ అంటే గిట్టని ఆ మనిషి విజిల్ నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదారు. "నేను ఊదకముందే తన్నింది. గోల్ చెల్లదు. మళ్ళీ కొట్టాలి." అది పచ్చి అబద్ధం. ఆయన ఉద్యోగ జీవితంలో ఆడిన మొదటి ఫౌల్.

తారాజువ్వ ఈసారి నాలుగడుగులు వెనక్కి వేసి, పళ్ళు బిగించి తన్నింది. జీవితంలో మొదటిసారి బంతి నేలబారుగా, కుడి మూలకి దూసుకెళ్ళింది. గోడ దూకింది. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే బంతి గోడ పొట్ట కింద ఉంది.

"ఇదీ ఆట!" అని తారాజువ్వ చెయ్యి ఇచ్చి లేపింది. "ఈసారి పై మూలకి కొడతా చూడు."

"కొట్టు. కాకపోతే తన్నేముందు అటే చూడకు. తెలిసిపోతోంది."

ఆట ముగిసినా ఇద్దరూ మోచేతులు దులుపుకుంటూ, ఏ మూలకి కొట్టాలో చర్చించుకుంటూ నడిచారు. మాస్టారు అధికారి దగ్గరికి పరుగెత్తారు. ఆ ఇద్దరినీ చూపించి, "అది తీయండి సార్, ఆ ఫోటో తీయండి" అన్నారు.

అధికారి స్క్రీన్ వైపు చూసి తల అడ్డంగా ఊపారు. "స్కోరు సున్నా, సున్నా. ఇక్కడ వికాసం ఏమీ జరగలేదండీ."

అయితే శాఖ ఎవరికీ అన్యాయం చెయ్యదు. గళ్ళు నిండని విద్యార్థుల కోసం ప్రత్యామ్నాయంగా రాతపరీక్ష పెట్టింది. 'ఓటమి: స్వరూపం, స్వభావం, ప్రయోజనాలు' అన్న గైడు అచ్చయింది. రోజూ కోచింగ్ తప్పనిసరి. అది ఏడాది చివరిదాకా ఆటల పీరియడ్‌లోనే జరుగుతుంది. ఆటస్థలానికి తాళం పడింది. పీరియడ్ లేక ఖాళీగా ఉన్నారు కాబట్టి పేపర్లు దిద్దే పని ఆటల మాస్టారికి అప్పగించారు.

గోడ పేపరు చక్కగా ఉంది. నిర్వచనాలు, లాభాలు అన్నీ గైడులో ఉన్నట్టే రాసింది. చివరి ప్రశ్న పది మార్కులది. 'నీవు ఓడిపోయిన ఒక సందర్భమును, అప్పుడు నీవు చిరునవ్వు నవ్విన విధమును వివరింపుము.'

ఆమె రెండే వాక్యాలు రాసింది. "ఈ ఏడాది మా ఆటల పీరియడ్ పోయింది. నాకు నవ్వు రాలేదు."

మాస్టారు ఆ జవాబును రెండుసార్లు చదివారు. తర్వాత జవాబుల సూచిక తెరిచి సరిచూసుకుని, పదికి తొమ్మిది వేశారు. నవ్వుకు కేటాయించిన ఒక మార్కు తగ్గించక తప్పలేదు.