బీపీ ఉన్నట్టు రుజువు

జబ్బును అది రాకముందే అరెస్టు చేయగల స్థాయికి మానవజాతి ఎదిగింది. ఇక మిగిలింది దరఖాస్తు నింపడమే.

బీపీ ఉన్నవాళ్ల రక్తంలో కొన్ని గుర్తులు ఉంటాయట. వాటిని చూస్తే, రక్తనాళాలు నొప్పీ గిప్పీ లేకుండా లోలోపలే పాడవుతున్నాయేమో ముందుగా పసిగట్టవచ్చట. అందుకని ‘రక్తనాళ ముందస్తు పరిరక్షణ విభాగం’ వారు ఉచిత పరీక్ష పెట్టారు. మా బావ బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టరు. ఆయన తండ్రి యాభై రెండో ఏట ఉన్నట్టుండి పోయాడు. బావకిప్పుడు యాభై ఒకటి. అక్క బెంగ చూడలేక ముగ్గురం వెళ్లాం.

అర్హత నిర్ధారణాధికారి (ఆయన పని బీపీ చూడటమే, కానీ బోర్డు మీద అలా రాస్తే హోదా తగ్గుతుంది) బావ చేతికి పట్టీ చుట్టాడు.

“నూట ఇరవై ఆరు, ఎనభై. మీకు బీపీ లేదండీ.”

“ఉందండీ. పదేళ్లుగా మాత్ర వేసుకుంటున్నాను.”

“అదే మీరు చేసిన పొరపాటు.”

ఏడో నిబంధన ప్రకారం బీపీ కౌంటరు దగ్గర కనబడాలి. ఇంటి దగ్గర ఉన్నది చెల్లదు. అక్క పదేళ్ల మందుల చీటీలు బల్ల మీద పరిచింది. అవి మాత్రలు వాడినందుకే రుజువు తప్ప బీపీకి కాదని ఆయన ఓపికగా వివరించాడు.

మర్నాడు బావను నాలుగంతస్తులు మెట్లెక్కించాం. పావుగంట కూర్చోబెట్టి, ఆయాసం తీరాక చూశారు. మూడో రోజు అక్క పెళ్లినాటి సంగతులన్నీ తవ్వి దారిపొడుగునా సాధించింది. బావకు చీమ కుట్టినట్టయినా లేదు (పాతికేళ్ల అభ్యాసం).

చివరికి అధికారే జాలిపడి గొంతు తగ్గించాడు. “ఓ పదిహేను రోజులు మాత్ర మానేసి రండి. అందరూ అలాగే చేస్తున్నారు.”

“మానేస్తే ప్రమాదం కదండీ?” అంది అక్క.

“ప్రమాదం ఉన్నవాళ్లకేనమ్మా ఈ పథకం.”

నాకు ఒళ్లు మండింది. బావ మాత్ర మానేశాడు.

పదహారో రోజు నూట తొంభై రెండు, నూట పద్నాలుగు. అధికారి లేచి బావతో చేయి కలిపాడు. బావ రిజిస్టరులో సంతకం పెట్టాడు, అర్హత పత్రం మీద ముద్ర పడింది. రక్తం తీసే తేదీ రెండు నెలల తర్వాత. అంతవరకు రక్తపోటును ఇదే స్థాయిలో కాపాడుకొనవలెనని, తగ్గినచో అర్హత రద్దగునని పత్రం వెనక చిన్న అక్షరాల్లో ఉంది.

బయటికి రాగానే అక్క సంచిలోంచి మాత్ర తీసింది. “పరీక్షా వద్దు, గిరీక్షా వద్దు. ముందు ఇది మింగండి.”

“రెండు నెలలే కదే,” అన్నాడు బావ. “ఇంత కష్టపడి తెచ్చుకున్న బీపీ.”

ఐదో వారంలో, గుడ్డ కత్తిరిస్తుండగా ఆయన కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా పోయింది. ఆస్పత్రిలో ప్రాణం మాత్రం దక్కించారు.

తేదీ నాడు చక్రాల కుర్చీలో తీసుకెళ్లాం. మేం వద్దన్నా బావే ఆ పత్రం పదేపదే చూపించి పట్టుబట్టాడు. అధికారి ఆప్యాయంగా పలకరించి, రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు. బావ ఎడమచేత్తో, చాలాసేపు, పెట్టాడు.

అధికారి పాత సంతకాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత అక్క వైపు తిరిగి, విచారంగా తల ఊపాడు.

“ఈయన ఆయన కాదమ్మా.”