పొద్దువాళ్లకు జబ్బులు రావు

అభిమానులంతా కలిసి రాసుకుంటున్న కరదీపికలో దుస్తుల అధ్యాయం పూర్తయిన సోమవారం నాడు, అందులోని పొద్దువాళ్లు వచ్చి కొత్తరేవు బైపాస్ పక్కన ఖాళీ స్థలంలో గుడారాలు వేసుకున్నారు. ఎమ్మార్వో ఆఫీసు వాళ్లు మధ్యాహ్నానికల్లా వెళ్లి తలలు లెక్కపెట్టుకుని వచ్చారు. 'రాకకు కారణం' అన్న గడిలో 'వర్ణన బాగా కుదిరినందువల్ల' అని రాశారు. మండలానికి ఇదేం కొత్త కాదు. కిందటేడు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఆత్మకథలో కల్పించుకున్న తమ్ముడు కూడా ఇలాగే దిగి, రేషన్ కార్డు చేయించుకుని మరీ వెళ్లాడు.

పొద్దువాళ్లు ఒక టీవీ సీరియల్లోని సంచార జాతి. అందులో వాళ్లు కనిపించింది ఒక్కసారే. కథానాయకుడు గుర్రం దిగి ముఖం కడుక్కుంటుంటే, వెనకాల దుమ్ములో ఒక గుంపు పడమటికి నడిచిపోతుంది. వాళ్లెవరో, ఎక్కడికో చెప్పకుండానే సీరియల్ ఆగిపోయింది. సగంలో ఆగిపోయినవాటి మీద జనానికి ఉండే బెంగ ఇంతా అంతా కాదు. ఆ బెంగ ఉన్నవాళ్లంతా ఫోన్లో ఒక గ్రూపుగా చేరి, ఆ జాతికి పేరు పెట్టి, కరదీపిక మొదలుపెట్టారు. బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైన శరభయ్య గారు అడ్మిన్. అందరూ ఒప్పుకుంటే తప్ప ఒక్క ముక్క కూడా లోపలికి పోకూడదు, పోయింది బయటికి రాకూడదు అన్నది ఆయన నియమం. ఒకరు గజ్జెల బొమ్మలు గీశారు, ఒకరు పెళ్లిపాటలు కట్టారు, ఒకరు తాళ్లకు వేసే ముడులన్నిటికీ పేర్లు పెట్టారు. భాష కూడా మొదలైంది గానీ, చంద్రుడికి ఐదు పేర్లు పెట్టాక ఎవరికీ తీరిక దొరకలేదు. అందుకని పొద్దువాళ్లు కొత్తరేవు తెలుగే మాట్లాడతారు.

గొడవలు రాలేదని కాదు. పొద్దువాళ్లు చెప్పులు వేసుకోరు, నేల వాళ్లకు తల్లి అని దుస్తుల అధ్యాయం రాసినాయన పట్టుబట్టాడు. ఒంటె తోలు చెప్పులు కుట్టుకుంటారని చేతిపనుల అధ్యాయం రాసినావిడ అంతకన్నా గట్టిగా పట్టుబట్టింది. ఇద్దరూ గ్రూపులోంచి వెళ్లిపోతామన్నారు. శరభయ్య గారు ఎవరి మనసూ నొప్పించకుండా 'కుడికాలికి చెప్పు, ఎడమకాలు నేలకు' అని తేల్చారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. అందుకే, వచ్చిన పొద్దువాళ్లు కొంచెం ఒరుగుతూ నడిచారు. చూసినవాళ్లు అది వాళ్ల నడకలోని ఒయ్యారం అనుకున్నారు.

ఆచారాల అధ్యాయం భ్రమరాంబది. ఆమె ఊళ్లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం వచ్చి ఆమె ముందు కుర్చీలో చేయి చాపుకుని కూర్చుంటారు. వాళ్ల జబ్బు వాళ్లకంటే ముందు ఆమెకు తెలుస్తుంది. తెలిసినా నోరు విప్పకుండా, కవరు అంటించి, డాక్టరు గారికి చూపించండి అని పంపిస్తుంది. ఒకరోజు బస్సులో ఇంటికి పోతూ, లోకంలో ఒక్క జాతి అయినా ఆ కుర్చీలో కూర్చోకుండా బతికితే బాగుండనిపించింది ఆమెకు. అక్కడికక్కడే ఫోన్ తీసి రాసింది: 'పొద్దువాళ్లకు జబ్బులు రావు. నడకే వాళ్లను కడుగుతూ ఉంటుంది.' కరదీపిక మొత్తంలో ఎవరూ అభ్యంతరం చెప్పని వాక్యం అదొక్కటే.

పొద్దువాళ్లు దిగాక ఆదివారాలు అభిమానులు పిల్లాజెల్లాతో వెళ్లి చూసొచ్చేవాళ్లు. ముడులు సరిగ్గా ఉన్నాయని, గజ్జెలు బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయని మురిసిపోయేవాళ్లు. వాళ్ల తిండి జొన్నరొట్టె, అడవి తేనె అని రాసి ఉంది కాబట్టి, కొట్లో తేనె సీసాలు కొని పట్టుకెళ్లేవాళ్లు. భ్రమరాంబ ఒంటరిగా వెళ్లేది. సువ్వి అనే అమ్మాయి ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. రాసినవాళ్లను ఏమని పిలవాలో కరదీపికలో లేదు మరి. సువ్వి తల్లి తొలకరి, బాగా పెద్దావిడ. భ్రమరాంబ కనపడగానే పక్కన కూర్చోబెట్టుకుని చేయి నిమిరేది.

ఆ తొలకరి ఎడమకాల్లో తుమ్మముల్లు దిగింది. రెండు రోజుల్లో పాదం ఎర్రగా వాచి, ఒళ్లు కాలిపోసాగింది. భ్రమరాంబ రక్తం తీసుకెళ్లి తనే పరీక్ష చేసింది. చీము రక్తంలోకి పాకిందని తేలింది. ఈసారి కవరు అంటించలేదు. ఆటో పిలిచి, తల్లీకూతుళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు చెడ్డవాడేం కాదు. పాదం చూసి నొచ్చుకున్నాడు. తర్వాత ఎమ్మార్వో ఆఫీసు నుంచి అన్ని శాఖలకూ వచ్చిన కరదీపిక ప్రతి తెరిచి చూశాడు.

"వీళ్లకి జబ్బులు రావని ఉంది గదండీ. చేర్చుకుంటే ఏమని రాసేది?"

"ఆ మాట నేనే రాశాను సార్. తప్పు రాశాను."

"అయితే దిద్దించుకుని రండి. మంచం ఖాళీగానే పెట్టుంచుతాను."

ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక, చీటీ మీద 'బాగా నడవవలెను' అని రాసిచ్చాడు. దారిలో భ్రమరాంబ మందుల షాపులో మాత్రలు కొని తొలకరి చేతిలో పోసింది. ఆవిడ వాటిని కాసేపు చూసుకుని తిరిగిచ్చేసింది.

"మాకు రావు గదా తల్లీ. నువ్వే రాశావంట గదా. ఎంత చల్లటి మాట రాశావు."

భ్రమరాంబ ఎంత బతిమాలినా మాత్ర నోట్లో వేసుకోలేదు. ఆ మాట పోతే తమ దగ్గర మిగిలేది గజ్జెలూ ముడులేగా అంది. సాయంత్రం చల్లబడ్డాక, డాక్టరు చెప్పినట్టు సువ్వి ఆవిడను గుడారాల చుట్టూ నడిపించింది.

భ్రమరాంబ గ్రూపులో సవరణ పెట్టింది. 'రావు' తీసేసి 'అరుదుగా వస్తాయి' అని మారుద్దాం, ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది అని రాసింది. అందరికీ తొలకరి అంటే ప్రేమే. ఆమె కోసం దండం బొమ్మలు పెట్టారు. శరభయ్య గారు స్వయంగా ఫోన్ చేశారు.

"అరుదుగా అంటే ఎంత అరుదుగా అమ్మా? ఏ జబ్బులని? మందెవరిస్తారు? దానికింకో అధ్యాయం కావాలి గదా. తొందరపడితే పుస్తకం చెడిపోయిద్ది."

"మనిషి పోయేట్టుందండీ."

"నాకు మాత్రం బాధ లేదా? అందర్నీ ఒప్పించమ్మా. నేనేమన్నా అడ్డమా?"

ఒప్పించడం మొదలైంది. మామూలు జ్వరం పొద్దువాళ్ల స్థాయికి తగదని, వస్తే వెన్నెల సోకడం వల్ల వచ్చే జ్వరం లాంటిది రావాలని ఒకరన్నారు. ఆ ఆలోచన చాలామందికి నచ్చింది. ఆ జ్వరానికి ఒళ్లు నీలం రంగుకు తిరుగుతుందా, వెండి రంగుకా అని చర్చ నడిచింది. గురువారం ఉదయానికి జ్వరం పేరు దగ్గరికి వచ్చారు. ఆ ఉదయమే తొలకరి చనిపోయింది.

సువ్వి ల్యాబుకు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మ లేవట్లేదక్కా. ఏం చెయ్యాలో తెలియట్లా. ఆ పేజీలో 'త్వరలో' అని ఉంది. త్వరలో అంటే ఎప్పుడక్కా?"

అది నిజమే. మొదట్లోనే శరభయ్య గారు విషయసూచికలో 'మరణం' అని పెట్టి, కింద 'త్వరలో' అని రాసి ఉంచారు. పెళ్లిళ్లు రాస్తానని పోటీలు పడినవాళ్లు ఉన్నారు గానీ, ఆ పేజీ నాకివ్వండి అన్నవాళ్లు లేరు. భ్రమరాంబ వెళ్లేసరికి పొద్దువాళ్లంతా తొలకరి చుట్టూ కూర్చుని ఉన్నారు. ఏడవాలో వద్దో తెలియక, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అందరికంటే ముందు ఏడ్చింది భ్రమరాంబ. ఆమెను చూసి కొందరు అలా చేయవచ్చు కాబోలనుకుని, కాస్త సిగ్గుపడుతూ ఏడ్చారు.

గ్రూపు ఆ రోజంతా పనిచేసింది. పడమటికి ముఖం పెట్టి నిలువుగా పాతిపెట్టాలని ఒకరు, గంధపు చితి అని ఒకరు, గుట్ట మీద రాళ్లు పేర్చాలని ఇంకొకరు. ఏది రాయాలన్నా ముందు కొంచెం నేల కావాలి. మర్నాడు పొద్దున భ్రమరాంబ ఎమ్మార్వో కోటిలింగం గారి దగ్గరికి వెళ్లింది.

"ఊళ్లో ఎవరి శ్మశానం వాళ్లకుంది మేడం. వీళ్లని ఎందులో కలపమంటారు? ఏ వీధివాళ్లు ఒప్పుకుంటారు?" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి వరండా వైపు చూపించాడు. "అదుగో, అంకయ్య. బైపాస్ అవతల డేరాల్లో ఉంటారు. పూసలూ పిన్నీసులూ అమ్ముకుంటారు. నిజంగా ఉన్న మనుషులు. వాళ్ల తాత నాటి నుంచీ శ్మశానానికి నేల అడుగుతున్నారు. వాళ్లకే జానెడు చూపించలేకపోయాం."

వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న అంకయ్య తన పేరు విని తలెత్తాడు. అర్జీ చూపించబోయి, పిలిచింది తనను కాదని అర్థమై మళ్లీ మడిచి పెట్టుకున్నాడు.

భ్రమరాంబ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఎండ ముదురుతోంది. గుడారంలో తొలకరిని ఇంకొక పూట ఉంచడం కష్టం. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేని మాట ఏదైనా ఉందా అని వెతుక్కుంది. నేల అక్కర్లేనిది, కట్టెలు అక్కర్లేనిది, సంతకం అక్కర్లేనిది. దొరికింది. ఫోన్ తీసి రాసింది: 'పొద్దువాళ్లు తమవాళ్లను ఏ ఊరి మట్టిలోనూ వదిలిపోరు. వెంట మోసుకుపోతారు.'

ఐదు నిమిషాల్లో అందరూ ఒప్పుకున్నారు. కళ్లు చెమర్చాయని కొందరు రాశారు. కరదీపికకే తలమానికం అన్నారు శరభయ్య గారు. కోటిలింగం గారు రెండుసార్లు చదువుకుని, ఎంత బాగుంది మేడం, ఎవరికీ ఇబ్బంది లేదు అన్నాడు.

సువ్వి ఆ పేజీ చదివి తల ఊపింది. పోయినవాళ్లను కట్టుకునే ముడి కరదీపికలో లేదు. బిడ్డను వీపుకు కట్టుకునే ముడి ఉంది. దానితోనే తల్లిని కట్టుకుంది. లేచి నిలబడి, బరువు సర్దుకుని అడిగింది.

"ఎందాకా మోయాలక్కా?"

"అది రాయలేదు సువ్వీ."

"రాస్తావు గదా?"

"రాస్తాను."

పొద్దువాళ్లు గుడారాలు ఎత్తుకుని పడమటికి వెళ్లిపోయారు. ఆ నెలలోనే అంకయ్య అర్జీకి జవాబు వచ్చింది. సంచరించు వారందరికీ ఈ ఆచారం అనుకూలముగా నున్నందున వర్తింపజేయడమైనది అని ఉంది. చదువుకోవడానికి కరదీపిక ప్రతి ఒకటి జతచేశారు.

భ్రమరాంబ మాట నిలబెట్టుకోవాలని చూసింది. 'సముద్రం కనిపించేదాకా' అని పెట్టింది. 'మొదటి వాన పడేదాకా' అని పెట్టింది. 'కూతురు అలిసేదాకా' అని కూడా పెట్టింది. హద్దు పెడితే ఆ వాక్యం అందం పోతుందని ఎవరో ఒకరు ప్రతిసారీ అన్నారు. నిజం చెప్పాలంటే ఒకప్పుడు ఆమె కూడా అలాగే అనేది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఫోన్ పక్కన పడేసేది.

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, పడమటికే నడిచిన పొద్దువాళ్లు మరుసటి ఏడు తూర్పు నుంచి కొత్తరేవులోకి వచ్చారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ బళ్లు ఆపి దారి ఇచ్చాడు. కొట్లవాళ్లు అలవాటైనట్టే ముక్కులకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, బేరాలు చేసుకుంటున్నారు. పొద్దువాళ్ల వెనకాల అంకయ్యావాళ్లు కూడా నడుస్తున్నారు. అంకయ్య చంకలో, సువ్వి ముడితోనే కట్టిన ఒక చిన్న మూట ఉంది.

భ్రమరాంబ ల్యాబులోంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. సువ్వి బరువు దించకుండానే తాగింది.

"రాశావా అక్కా?"

"ఇంకా లేదమ్మా. ఒప్పుకోవట్లేదు."

"సరేలే" అంది సువ్వి. ముడిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని కదిలింది. ఆమె ఎడమపాదం ఎర్రగా వాచి ఉంది. భ్రమరాంబ చూపు అక్కడే ఆగిపోవడం కానిస్టేబుల్ గమనించాడు.

"వాళ్ల నడకే అంత మేడం" అన్నాడు.

"అవును" అంది భ్రమరాంబ.

లోపలికి వెళ్లి, కుర్చీలో కూర్చున్న మనిషిని చేయి చాపమంది.